టెంట్ హౌస్ తెరవగానే పెళ్లిళ్లు వచ్చి పడతాయా?

"ఐదు లక్షలు పెట్టి కుర్చీలు, షామియానాలు కొనండి. ఇన్‌స్టాలో పేజీ తెరవండి. పక్క షాపు కన్నా సగం రేటు చెప్పండి. పెళ్లిళ్ల సీజన్‌లో కస్టమర్లే వెతుక్కుంటూ వస్తారు." తక్కువ పెట్టుబడి వ్యాపారాల రీల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంది. ఒక్కో మాటే తీసి చూద్దాం.

"పెళ్లిళ్లే అసలు గిరాకీ"

ఇప్పుడు పెళ్లి ఎక్కువగా ఫంక్షన్ హాల్లో జరుగుతోంది. కుర్చీలు, బల్లలు, చాలాచోట్ల వంట పాత్రలు కూడా హాలు అద్దెలోనే కలిసి వస్తాయి. ఇంటి దగ్గర పెళ్లి చేసేవాళ్లకు తండ్రుల నాటి నుంచి తెలిసిన టెంట్ హౌస్ ఒకటి ఉంటుంది. పైగా ముహూర్తాలన్నీ కొన్ని రోజుల మీదే పడతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వదిలేయాలి. మౌఢ్యమి వస్తే ఇంకొన్ని వారాలు పోతాయి. 2026లో మే నడిమి నుంచి జూన్ నడిమి దాకా అధిక జ్యేష్ఠం. వేసవి పెళ్లిళ్లను నమ్ముకుని అప్పు తెచ్చినవాడికి సీజన్ మధ్యలో నెల రోజులు ఖాళీ.

కొత్త షాపుకు అన్నం పెట్టేవి చిన్న కార్యాలు: గృహప్రవేశం, సీమంతం, ఓణీల ఫంక్షన్, అన్నప్రాశన, అయ్యప్ప పడిపూజ, కార్తీక వనభోజనం, ప్రార్థన కూటం, ఇఫ్తార్. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో తెలంగాణలో బోనాలుంటాయి, భాద్రపదంలో ఎక్కడైనా చవితి పందిళ్లుంటాయి. వీటికి 50 నుంచి 150 కుర్చీలు, ఒకటి రెండు షామియానాలు సరిపోతాయి. పెద్ద షాపులు ముహూర్తం రోజున ఇలాంటి ఆర్డర్లను పట్టించుకోవు.

చావు ఇల్లు సంగతి ఏ రీల్‌లోనూ చెప్పరు. ఫోన్ రాత్రి రెండింటికి వస్తుంది. గంటలో ఒక షామియానా, 50 కుర్చీలు, మంచినీళ్ల డ్రమ్ము దింపగలగాలి. అక్కడ అడ్వాన్స్ అడగకూడదు, రేటు మాట ఎత్తకూడదు. ఆ రాత్రి ఫోన్ ఎత్తిన షాపునే పెద్దకర్మ భోజనాలకూ పిలుస్తారు. చుట్టుపక్కల పది ఇళ్లవాళ్లు మీ నంబరు రాసుకునేది కూడా అప్పుడే.

"సగం రేటు చెబితే చాలు"

లెక్క కోసం ఊళ్లో కుర్చీకి 8 రూపాయలు నడుస్తోందనుకుందాం. 100 కుర్చీలకు 800. ట్రాలీ ఆటో రానూపోనూ 400, ఎక్కించి దించే మనిషికి 200 పోతే మిగిలేది 200. సగం రేటుకు ఇస్తే ఆ 200 మిగలకపోగా ఇంకో 200 ఎదురు పెట్టుకోవాలి. ఈ వ్యాపారంలో ఖర్చంతా కదలికలో ఉంది. అందుకే రేటు కన్నా దూరం చూసుకోవాలి. మూడు నాలుగు కిలోమీటర్లలో రెండు చిన్న ఆర్డర్లు ఒకే ట్రిప్పులో కలిపితే మిగిలినంత, ఊరి అవతలి పెద్ద ఆర్డరులో మిగలదు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. కొత్త షాపుకు మొదటి గిరాకీ సాధారణంగా పాత టెంట్ హౌసే. గట్టి ముహూర్తం రోజున వాళ్లకు 200 కుర్చీలు, పది బల్లలు, రెండు గ్యాస్ పొయ్యిలు తక్కువ పడతాయి. ఎవరినో ఒకరిని అడగక తప్పదు. రేటు విరగ్గొట్టినవాణ్ని మాత్రం అడగరు. తెరిచిన మొదటి వారంలోనే చుట్టూ ఉన్న ఐదారు షాపులకు వెళ్లి మీ దగ్గర ఏమేం ఉన్నాయో చీటీ ఇచ్చి రండి. షాపుకు షాపు ఇచ్చే రేటు బయటి రేటుకు తక్కువే ఉంటుంది, కానీ రవాణా వాళ్లదే, వసూలు తలనొప్పీ వాళ్లదే. వాళ్ల కస్టమరుకు మీ నంబరు ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. ఒక్కసారి తెలిసిందంటే ఊళ్లో తలుపులన్నీ మూసుకుంటాయి.

"ఇన్‌స్టా పేజీ ఉంటే ఫోన్లు మోగుతాయి"

స్టేజీ డెకరేషన్‌కు మోగుతాయేమో. ప్లాస్టిక్ కుర్చీ ఫొటో చూసి ఎవరూ ఆగరు. డబ్బు కట్టించుకుని ఎంక్వైరీలు పంపే డైరెక్టరీలు ఒకే కస్టమరు నంబరును నలుగురైదుగురికి పంపుతుంటాయి. అక్కడ మళ్లీ రేట్ల కొట్లాటే. గూగుల్ మ్యాప్స్‌లో షాపు నమోదు ఉచితం, అది మాత్రం తప్పక చేయండి. కాలనీ పేరు, తెచ్చుకున్న సామాను పేరు రాసి రివ్యూ ఇమ్మని ప్రతి ఇంటివారినీ అడగండి.

అసలు బోర్డు కుర్చీ వీపే. షాపు పేరు, ఫోన్ నంబరు స్టెన్సిల్‌తో పెయింట్ కొట్టిస్తే ప్రతి కార్యంలో వందమంది కళ్ల ముందు గంటల తరబడి ఉంటుంది. వేరే షాపులకు ఇవ్వడానికి మాత్రం కొన్ని కుర్చీలు నంబరు లేకుండా, అడుగున రంగు చుక్క మాత్రమే పెట్టి విడిగా ఉంచుకోవాలి. చుక్క కూడా లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ కొత్త కుర్చీ పోయి వాళ్ల పగిలిన కుర్చీ వస్తుంది.

ఫోన్ మోగాక జరిగేది ఇంకా ముఖ్యం. "వందమందికి కావాలి" అంటే వెంటనే రేటు చెప్పేయకండి. అందరూ ఒకేసారి కూర్చుంటారా, రెండు బంతులా? ఆరడుగుల బల్లకు ఒకవైపు ముగ్గురు కూర్చుంటారు కాబట్టి 50 మంది బంతికి 17 బల్లలు కావాలి. 18×36 అడుగుల షామియానా కింద వరసగా కుర్చీలే వేస్తే దాదాపు 90 మంది పడతారు, బల్లలతో భోజనాలైతే 50 మందే. నేల మట్టా, సీసీ రోడ్డా అని కూడా అడగాలి. సీసీ మీద మేకులు దిగవు, తాళ్లకు ఇసుక బస్తాలు కావాలి. కరెంటు స్తంభానికి తాడు కట్టనివ్వొద్దు. ఇలాంటి ప్రశ్నలు అడిగిన షాపు మీద కుదిరే నమ్మకం, పది రూపాయలు తగ్గిస్తే కుదరదు.

"సామాను ఎంత ఉంటే అన్ని ఆర్డర్లు"

ఇంటివాళ్లు షాపును ఎంచుకుంటారనుకోవడమే ఇక్కడ పొరపాటు. ఫలానా సైజు గుండిగలు ఇన్ని, మూతలు, జల్లి గరిటెలు, బకెట్లు అని చీటీ రాసేది వంట మేస్త్రీ. ఎక్కడ తెచ్చుకోవాలో చెప్పేది కూడా చాలాసార్లు ఆయనే. ఆయనకు మీ దగ్గర 500 కుర్చీలున్నాయా అన్నది అక్కర్లేదు. గుండిగ అడుగు కారకూడదు, మూత సరిపోవాలి, గ్యాస్ పొయ్యి మంట సమంగా రావాలి. ఇత్తడి పాత్రకు కళాయి పోయి ఉంటే పులుసు చిలుము పడుతుంది, మాట పడేది మేస్త్రీ. ఆయన మళ్లీ మీ గడప తొక్కడు. కాబట్టి ముందు 150 కుర్చీలు, రెండు షామియానాలు, 20 బల్లలు, ఒక పూర్తి వంట సెట్టు చాలు. మిగతాది పాత షాపుల నుంచి తెచ్చి ఇవ్వండి. ఏది మూడుసార్లు అరువు తేవాల్సి వచ్చిందో అది కొనండి.

"కమిటీలు, మీటింగులు పట్టుకుంటే బల్క్ డబ్బు"

చవితి కమిటీ బిల్లు నిమజ్జనం అయ్యాక ఎవరి చేతిలోనూ ఉండదు. సగం ముందే తీసుకుని, మిగతాదానికి ఒక్క మనిషి పేరుతో సంతకం పెట్టించుకోండి. రాజకీయ సభలకు మొత్తం ముందే. ఆఫీసులు, కంపెనీలు జీఎస్టీ బిల్లు అడుగుతాయి. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు మీకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే పందిరి, షామియానా అద్దె మీద 18 శాతం కలపాలి, దాన్ని ఇళ్లవాళ్లు భరించరు. మొదటి ఏడాది ఆ ఆర్డరును రిజిస్ట్రేషన్ ఉన్న పాత షాపుకు అప్పగించి, సామాను మీది పంపడం మేలు.