బ్యాడ్జీ విప్పి బిల్లు పట్టు

రాజకీయాల్లోకి రావాలనుకునే కుర్రాడికి మన దగ్గర ఇచ్చే సలహాలన్నీ పాతబడిపోయాయి. ఫ్లెక్సీ కట్టు, అన్న పుట్టినరోజుకి రక్తదాన శిబిరం పెట్టు, ఎండలో పాదయాత్ర చెయ్యి... ఇంత కాయకష్టం అక్కర్లేని రాచబాట అమెరికాలో, అందులోనూ నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంది. ముందు కౌంటీ (మన జిల్లాలాంటిది) షెరీఫు, అంటే ఓట్లతో గెలిచే పోలీసు అధిపతి, అవ్వాలి, ఆ తర్వాత శాసనసభకి పోవాలి. అంతే.

అర్హతల గురించి బెంగ వద్దు. ఆ రాష్ట్రంలో 100 కౌంటీలున్నాయి. ఒక్కోదానికి ఒక షెరీఫు, నాలుగేళ్ళకోసారి, పార్టీ గుర్తు మీదే ఎన్నిక. ఎన్నిసార్లైనా పోటీ చెయ్యొచ్చు. వయసు 21 దాటి, కౌంటీలో ఏడాదిగా కాపురముంటే చాలు. ఒక్కరోజైనా పోలీసుగా పనిచేసి ఉండాలన్న నిబంధన లేదు. ఘోర నేరాల్లో శిక్షపడ్డవాళ్ళు పోటీ చెయ్యకూడదని మాత్రం 2010 నవంబరులో రాజ్యాంగాన్ని సవరించారు. అప్పటిదాకా, శిక్ష ముగిసి పౌరహక్కులు తిరిగొచ్చిన మనిషి, ఖైదీగా చూసిన జైలుకే అధికారిగా రావడానికి రాజ్యాంగం అడ్డు చెప్పేది కాదు. అనుభవానికి విలువిచ్చే సమాజం మరి.

మన సర్కిల్ ఇన్‌స్పెక్టరు పోటీ చెయ్యాలంటే ముందు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం పెట్టాలి, అది ఏ బల్ల మీద ఆగిందో వెతకాలి, నామినేషన్ గడువులోపు ఆమోదం రాకపోతే కోర్టుకెక్కాలి. షెరీఫుకు ఈ తంటాలేవీ ఉండవు. ఉద్యోగమే ఎన్నిక, ఎన్నికే ఉద్యోగం.

పదవి చేతికొచ్చాక మొదట చూసుకోవాల్సింది కార్లు. చాలా కౌంటీల్లో గస్తీ కారు తలుపు మీద షెరీఫు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. పెట్రోలు జనానిది, పేరు మీది. ఏడాదంతా తిరిగే ఫ్లెక్సీకి ఎన్నికల సంఘం లెక్క కట్టదు. ఇందులో ఒక్కటే సాంకేతిక చిక్కు. కొత్త షెరీఫు వచ్చాక పాత పేరు పీకాలంటే హీట్ గన్‌తో వినైల్ స్టిక్కరుని వెచ్చబెట్టి, మూల నుంచి నెమ్మదిగా లాగి, మిగిలిన జిగురుని ద్రావకంతో తుడవాలి. తొందరపడితే వినైల్ ముక్కలుముక్కలుగా చిరుగుతుంది. జాగ్రత్తగా తీసినా, ఏళ్ళ తరబడి ఎండ తగలని చోట రంగు వెలవక పాత అక్షరాలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. పక్కనుంచి వెలుగు పడితే ఓడిపోయినాయన పేరు చదువుకోవచ్చు.

రెండోది సిబ్బంది. డెప్యూటీలు, అంటే షెరీఫు కింది పోలీసులు, ఆయన దయ మీద బతకాలి. బంకం కౌంటీ షెరీఫు బాబీ మెడ్‌ఫర్డ్ గెలిచి రాగానే కొందరు డెప్యూటీలను పంపించేస్తే వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. 1997లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది: డెప్యూటీ అంటే షెరీఫుకు ప్రతిరూపం, కాబట్టి రాజకీయ విధేయత చూసుకుని పెట్టుకోవచ్చు, తీసెయ్యొచ్చు. ఇక డ్యూటీ దిగాక ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు ఎంత స్వచ్ఛందంగా వస్తారో చెప్పాలా? అదే మెడ్‌ఫర్డ్‌కి వీడియో పోకర్ యంత్రాల ముడుపుల కేసులో 2008లో నేరం రుజువై 15 ఏళ్ళ జైలు పడిందనుకోండి, అది వేరే అధ్యాయం.

మూడోది, జనంతో సంబంధాలు. జైలు నడపడం, కోర్టుకి కాపలా, సమన్లు అందించడం (ఒక్కోదానికి 30 డాలర్లు), అద్దె కట్టనివాళ్ళని ఖాళీ చేయించడం, అన్నీ షెరీఫు పనులే. ఖాళీ చేయించేటప్పుడు డెప్యూటీని పంపండి. తుపాకీ దాచుకు తిరిగే అనుమతి మీద మాత్రం మీ పేరే ఉండాలి. కొత్తదానికి 80 డాలర్లు, ఐదేళ్ళకోసారి పునరుద్ధరణకి 75. ఐదేళ్ళకోసారి తనంతట తానే మీ గుమ్మానికి వచ్చి, థాంక్స్ చెప్పి వెళ్ళే ఓటరు ఏ పార్టీకి దొరుకుతాడు?

పదవి ఊడుతుందన్న భయమా? కొలంబస్ కౌంటీ చూడండి. నల్లజాతి ఉద్యోగులను షెరీఫు జోడీ గ్రీన్ ఫోనులో అన్న మాటల రికార్డింగు బయటపడి, తొలగింపు విచారణ మొదలైతే, 2022 అక్టోబరులో రాజీనామా చేశారు. బ్యాలెట్ మీద పేరు అలాగే ఉంది, నవంబరులో గెలిచారు. మళ్ళీ పిటిషన్ పడితే 2023 జనవరిలో మళ్ళీ రాజీనామా చేశారు. ఓటరు దేవుడంటారు కదా, వరమిచ్చేముందు దేవుడు మాత్రం రికార్డింగులు వింటాడా?

ఇప్పుడు అసలు దూకు. 2018 నవంబరులో పెండర్ కౌంటీ షెరీఫు కార్సన్ స్మిత్ రాష్ట్ర ప్రతినిధుల సభకి గెలిచారు. షెరీఫు ఎన్నికా, సభ ఎన్నికా ఒకే బ్యాలెట్ మీద ఉంటాయి కాబట్టి డిసెంబరులో ఒక కుర్చీ దిగి జనవరిలో ఇంకో కుర్చీ ఎక్కొచ్చు. అదే నవంబరులో పెద్ద కౌంటీల్లో షెరీఫులు మారారు. షార్లెట్ నగరమున్న మెక్లెన్‌బర్గ్, మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న కేరీ, మోరిస్‌విల్ ఉన్న వేక్, రెండు చోట్లా కొత్త షెరీఫులు జైలుకొచ్చినవాళ్ళ వలస హోదాని డెప్యూటీలే ఆరా తీసేలా వలస అధికారులతో ఉన్న 287(జి) ఒప్పందాన్ని డిసెంబరులోనే రద్దు చేశారు. ‘ఈ మనిషిని 48 గంటలు అట్టిపెట్టండి’ అని ఐసీఈ (వలస చట్టాలు అమలుచేసే కేంద్ర సంస్థ) పంపే కాగితం మీద జడ్జి సంతకం ఉండదు. దాన్ని నమ్మి మనిషిని ఆపితే రేపు దావా షెరీఫు మీదే పడొచ్చన్నది అప్పటి భయం.

‘షెరీఫు జవాబు చెప్పుకోవాల్సింది ఓటరుకే’ అన్నది షెరీఫుల కులదైవ మంత్రం. సభ మెట్లెక్కగానే అది ఎలా రూపు మారుతుందో చూడండి. 2019లో మన మాజీ షెరీఫు స్మిత్ ప్రధాన ప్రతిపాదకుల్లో ఒకరుగా హెచ్.బి. 370 అనే ప్రతినిధుల సభ బిల్లు వచ్చింది. ఐసీఈ మాట వినని షెరీఫుని కుర్చీ దింపే ఏర్పాటు అందులో ఉంది. షెరీఫుల సంఘం మొదట వద్దంది, సవరణలయ్యాక సరేనంది, గవర్నర్ రాయ్ కూపర్ ఆగస్టులో వీటో చేశారు. అదే ఉద్దేశంతో హెచ్.బి. 10 వచ్చి 2024 నవంబరులో వీటోని దాటుకుని చట్టమైంది. సంతకం లోటు తీర్చడానికి, ఆ మనిషిని ముందు న్యాయాధికారి ఎదుట నిలబెట్టాలని రాశారు. ప్రైవేటు స్కూలు ఫీజుల సాయానికి దాదాపు 46 కోట్ల డాలర్లు కూడా అదే బిల్లులో ఉన్నాయి. జైలూ బడీ ఒకే సంచిలో; విడివిడిగా కావాలనేవాళ్ళు విడివిడిగా ఎన్నికవ్వాలి.

ఆదాయం మాత్రం తగ్గుతుంది. సభ్యుడి జీతం ఏడాదికి 13,951 డాలర్లు, 1990ల నుంచి అదే. ఖర్చులకి నెలకి 559, సభ జరిగే రోజుల్లో రోజుకి 104. కేరీలో రెండు పడకగదుల ఇంటి అద్దెకి జీతం చాలదు. అందుకే ముందు షెరీఫుగా పదేళ్ళు పూర్తి చేసుకోండి. షెరీఫుల కోసమే ప్రత్యేకంగా ఒక అదనపు పింఛను నిధి ఉంది.

ఆసక్తి ఉన్నవాళ్ళకు సూచన: 2026 షెరీఫు ఎన్నికల నామినేషన్లు 2025 డిసెంబరులోనే ముగిశాయి. తర్వాతి అవకాశం 2030లో. ఏడాది నివాసం చూపించాలి కాబట్టి ముందే ఇల్లు చూసుకోండి. పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ మనవాళ్ళు 2030ని వదిలేసి, 2070 నామినేషన్ల మీద దృష్టి పెట్టవచ్చు.