పచ్చబడితే చాలా? ఏ పచ్చదనమో చూడరా?

మొన్న ఆదివారం ఇంటికి వచ్చిన మిత్రుడు, బాగా చదువుకున్నవాడే, టీ తాగుతూ తీర్పు చెప్పేశాడు: "ఉత్తర ధ్రువం వైపు మంచు కరిగి నేలంతా పచ్చబడుతోందటగా. మొక్కలు మొలిస్తే మంచిదేగా!" ఒళ్లు మండింది. అతిథి కదా అని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

మొక్కలు సరే, ఏ మొక్కలు? ఈ మాట అడిగే నాథుడు లేడు. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలో ఆకుపచ్చ కనిపిస్తే సంబరం. పచ్చకామెర్ల సామెత ఊరికే పుట్టలేదు.

చిత్తడి నేలలో నీళ్ల అడుగున గాలి ఆడదు. అక్కడ చచ్చిన మొక్క పూర్తిగా కుళ్లదు, పొర మీద పొరగా పేరుకుని పీట్ అవుతుంది. ఆ చీకట్లో బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. 20 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 80 రెట్లు వేడి పుట్టించే వాయువు అది. అయితే పుట్టినదంతా పైకి రాదు. పై పొరలో కాస్త ఆక్సిజన్ ఉన్నచోట మీథేన్‌ను తినే బాక్టీరియా కాపు కాస్తుంటుంది. మొక్కల సంగతి తేలేది ఈ కాపలా దగ్గరే.

తుంగ మనకు తెలియనిదా? పొలంలో కలుపు, ఇంట్లో చాప. కాడ విరిచి చూడండి: మూడు అంచులు, లోపల స్పాంజిలాంటి మెత్తదనం. ఉత్తర దేశాల చిత్తడుల్లో తెల్లటి దూదిపింజలతో ఊగే కాటన్ గ్రాస్ కూడా, పేరుకు గడ్డి అన్నా, తుంగ కుటుంబానిదే. ఊపిరాడని బురదలో వేళ్లు బతకాలి కాబట్టి ఆకు నుంచి వేరు దాకా లోపల గాలి దారులు ఉంటాయి. ఆ దారిలో ఆక్సిజన్ కిందికి దిగుతుంది, మీథేన్ పైకి ఎక్కుతుంది. కాపలా ఉన్న పొరతో పనే లేదు, నేరుగా ఆకాశానికి పొగగొట్టం. చాలదన్నట్టు వేళ్ల నుంచి ఊరే చక్కెరలు కింద ఉన్న సూక్ష్మజీవులకు మేత. వేరు చుట్టూ చేరిన ఆక్సిజన్ కొంత మీథేన్‌ను ఖర్చు చేస్తుంది, కాదనను. కానీ చాలా చోట్ల తుంగను తీసేసి కొలిస్తే మీథేన్ తగ్గింది. మన వరిదీ ఇదే కథ: మడిలోంచి వచ్చే మీథేన్‌లో ఎక్కువ భాగం వరి దుబ్బు లోపలి గాలి దారుల గుండానే బయటపడుతుంది.

ఇక స్ఫాగ్నమ్ నాచు. నర్సరీలో గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మ చుట్టూ తడిపి చుట్టేది అదే. దానికి వేళ్లు లేవు, గొట్టాలు లేవు. ఎండు బరువుకు 20 రెట్ల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది, చుట్టూ నీటిని పుల్లగా మార్చి కుళ్లడాన్ని మందగింపజేస్తుంది. నాకు ముచ్చటేసేది మాత్రం ఇంకొకటి. దాని ఖాళీ కణాల్లో మీథేన్ తినే బాక్టీరియా కాపురం ఉంటుంది. తినగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను నాచు వాడుకుంటుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2005లో ఈ సంగతి బయటపెట్టారు. ఒకటి పొగగొట్టం, ఇంకొకటి వడపోత గుడ్డ. పైనుంచి చూస్తే రెండూ పచ్చనివే!

స్వీడన్ ఉత్తర కొసన అబిస్కో దగ్గర స్టోర్డాలెన్ అనే చిత్తడి ఉంది. అడుగు వేస్తే బురద నొక్కుకుని బుడగలు వస్తాయి, కొలత పాడవుతుంది. అందుకని చెక్క పలకల మీదే నడుస్తూ, నేల మీద పెట్టె బోర్లించి, అందులో చేరిన గాలిని కొలుస్తారు. గడ్డకట్టిన నేల ఇంకా నిలబడ్డ దిబ్బల మీద పొట్టి పొదలు, మీథేన్ దాదాపు సున్నా. మంచు కరిగి నేల కుంగినచోట స్ఫాగ్నమ్, కొంత మీథేన్. ఇంకా కుంగి నీళ్లు నిలిచినచోట కాటన్ గ్రాస్, అక్కడే అన్నిటికన్నా ఎక్కువ. అదే ఆకాశం, అదే ఎండ, మధ్య దూరం నాలుగడుగులు. నీటి మట్టం ప్రభావమూ ఉంది, నిజమే. కానీ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఈ తేడా ఎలా చెబుతారు?

మా మిత్రుడి మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఆ తుంగ దట్టంగా పెరిగి కార్బన్ డయాక్సైడ్‌ను బాగానే పీలుస్తుంది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో అంతకన్నా ఘాటైనది వదిలితే మాత్రం జమ ఒక్కటే చదివి ఖాతా మూసేయడం ఏం లెక్క?

అలాగని చిత్తడిని ఎండగట్టి చెట్లు నాటండి అనేవాళ్లను చూస్తే ఇంకా కోపం. ఫిన్లాండ్ తన పీట్ నేలల్లో సగానికి పైగా కాలువలు తవ్వి అడవులకు మళ్లించింది. మీథేన్ తగ్గింది సరే, గాలి తగిలిన పీట్ కుళ్లి కార్బన్ డయాక్సైడ్ వదలడం మొదలుపెట్టింది.

అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పీట్ నేలకు గాజుగదుల్లాంటివి కట్టి, 2015లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి 9 డిగ్రీల దాకా అదనపు వేడి పెట్టి చూశారు. వేడి పెరిగినకొద్దీ మీథేన్ పెరిగింది. అక్కడ కొన్నేళ్లలోనే మొదట ఎండిపోయి చచ్చింది ఎవరనుకున్నారు? ఆ వడపోత గుడ్డే, స్ఫాగ్నమ్. పొదలు దాని మీద నీడ పరిచి ఏపుగా పెరిగాయి. బొమ్మలో అదీ పచ్చగానే పడుతుంది.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు మిత్రుడు. చెరువు గట్టు నుంచి తుంగ కాడలు నాలుగు తెచ్చి, నీళ్ల గ్లాసులో వేసి ఉంచాను. టీ కన్నా ముందు ఒక కాడను అడ్డంగా కోసి చేతిలో పెడతాను.