కలబందకు అదనపు బాధ్యతలు

కలబందను మనవాళ్లు ముందుగా తీసుకున్నది దిష్టి శాఖలోకి. గుమ్మం మీద, బూడిద గుమ్మడికాయ పక్కన, వేళ్లు పైకీ మట్టలు కిందికీ ఉండేలా వేలాడదీస్తారు. మట్టి ఇవ్వరు, నీళ్లు పోయరు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఎడారి మొక్క కదా, పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తుంది, మట్టల్లో దాచుకున్న నీటితో నెట్టుకొస్తుంది. ఇంట్లోవాళ్ల లెక్క వేరు. పచ్చగా ఉంటే ఎదురింటావిడ చూపును తట్టుకుని నిలబడిందని అర్థం. ఎండిపోతే దిష్టంతా తనే లాగేసుకుందని అర్థం. ఎలా జరిగినా ఘనతే. ఇంత అనుకూలమైన సర్వీసు రూల్స్ మన సచివాలయంలో కూడా ఎవరికీ లేవు.

ఇంత మచ్చలేని రికార్డు చూశాక కేశ సంరక్షణ శాఖను కూడా దానికే అప్పగించడంలో ఆశ్చర్యమేముంది? జుట్టు ఊడుతోందా, కలబంద. చుండ్రా, కలబంద. పాతికేళ్లకే తెల్ల వెంట్రుకా, కలబంద. పెళ్లిచూపుల్లోపు నడినెత్తి మీద మొలకలు రావాలా, కలబంద గుజ్జులో కాస్త ఆముదం కలపండి. ఈ నియామకాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే, ఫైలులో నమోదు చేయాల్సిన కొన్ని విషయాలు మనవి చేస్తున్నాను.

మొదటిది, సీనియర్లకు జరిగిన అన్యాయం. కుంకుడుకాయ సంగతే తీసుకోండి. రాయితో కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానేసి, ఏడ్చే పిల్లల్ని కాళ్ల మధ్య ఇరికించుకుని తలంటే రోజుల నుంచీ పనిచేస్తోంది. నురగనిచ్చే సపోనిన్లు ఉన్నాయి కాబట్టి నిజంగానే జిడ్డు వదిలిస్తుంది. కానీ కళ్లు మండిస్తుంది, ఫొటోలో గోధుమరంగు నీళ్లలా కనిపిస్తుంది. పనిచేసేవాడికి ప్రమోషన్ రాకపోవడం మనకు కొత్త కాదు గనక ముందుకు పోదాం.

రెండోది, కొత్త అధికారి అర్హతలు. మట్ట చీల్చితే వచ్చే గుజ్జులో 98 శాతం పైనే నీరు. మిగతాది ముఖ్యంగా జిగురునిచ్చే పాలిసాకరైడ్లు. ఇవి వెంట్రుకకు పల్చని పూతలా పట్టుకుని తేమ నిలుపుతాయి, చిక్కు తగ్గుతుంది, దువ్వెన సాఫీగా దిగుతుంది. మాడు మీద దురదా పొలుసులూ ఉంటే కొంత ఉపశమనం ఉండొచ్చు. ఇది చిన్న పనేం కాదు, చక్కగా చేస్తుంది కూడా. కానీ మనకు కనిపించే వెంట్రుక మొత్తం కెరటిన్ అనే నిర్జీవమైన ప్రోటీన్. మొలిచే కుదురు చర్మం లోపల ఉంటుంది. కలబంద అక్కడిదాకా వెళ్లి కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందని గట్టి రుజువు ఎవరూ చూపలేదు. అలాంటి చిల్లర అభ్యంతరాలతో ఫైలు ఆపకూడదని నా మనవి.

గుజ్జుకు అసలు రంగే ఉండదు. సీసాల్లో మెరిసే ఆకుపచ్చ చాలావరకు కలిపిన రంగు. కానీ మనం సీసాకు ఎంతగా అలవాటు పడ్డామంటే, పెరట్లోంచి కోసి తెచ్చిన మట్టను చూసి "ఇది ఒరిజినలేనా? గ్రీన్‌గా లేదేంటి?" అని అడుగుతున్నాం.

ఇక పాత ఉద్యోగం ఒకటుంది, దాన్ని బయోడేటాలో ఎవరూ రాయరు. మట్ట కోసినప్పుడు తొక్క కింది నుంచి పసుపు పచ్చటి చేదు రసం కారుతుంది. దాన్ని ఎండబెడితే ముసాంబరం. పిల్లలకు పాలు మాన్పించాలంటే తల్లులు రొమ్ముకు రాసుకున్నది అదే. విరేచనాల మందుగానూ దానికి చాలా పేరుంది. అమెరికాలోనూ ఆ కొలువు చేసింది గానీ, భద్రతకు సంబంధించిన వివరాలు కంపెనీలు సమర్పించకపోవడంతో 2002లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లోంచి కలబందను తీసేసింది. ఈ రసం చర్మానికి పడకపోతే మంట, దురద. అందుకే కోసిన మట్టను కాసేపు నిలబెట్టి రసం కారిపోనివ్వాలి, కడగాలి, తర్వాతే గుజ్జు తీయాలి. అంత ఓపిక ఎవరికి? మట్ట మట్టంతా మిక్సీలో వేసి తిప్పి, నెత్తికి పట్టించి, గంటసేపు గోక్కుంటూ "దురద పెడుతోందంటే పనిచేస్తున్నట్టే" అని ఒకరినొకరు ఓదార్చుకుంటాం.

అయినా దీని అసలు ప్రతిభ ఎక్కడుందంటే, చార్జి తీసుకునే సమయంలో. డెంగీయో టైఫాయిడో వచ్చినా, కాన్పు అయినా, రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. చాలామందికి మరో ఆరు నెలల్లో అదే సర్దుకుంటుంది. బాత్రూం జాలీ చూసి టెన్షన్ పడి కలబంద తెచ్చుకునేది సరిగ్గా బాగా ఊడుతున్న నెలలోనే. ఇక అక్కణ్నుంచి తగ్గక ఏం చేస్తుంది? మెచ్చుకోళ్లన్నీ కొత్త అధికారికే.

వంశపారంపర్యపు బట్టతల దగ్గర మాత్రం ఈ టైమింగ్ పనిచేయదు. అందుకు హైదరాబాద్ బోరు నీళ్లున్నాయి. ఊరి నుంచి వచ్చిన ప్రతి కుర్రాడి జుట్టూ ఆ నీళ్ల వల్లే ఊడుతుంది. నాన్నకూ మేనమామకూ ఉన్న గుండ్రటి ఖాళీకి దానితో ఏ సంబంధమూ లేదు, వాళ్లిద్దరూ ఊరి చెరువు నీళ్లతోనే స్నానం చేసినా సరే. డాక్టరు దగ్గరికి వెళితే మినాక్సిడిల్ అంటాడు. బీపీ మందుగా పుట్టి, వాడినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడంతో దారి మార్చుకున్న మందు అది. కానీ కెమికల్ కదా, మనకొద్దు. అలా అని మరో ఏడాది కలబందతో గడిపేస్తే, అప్పటికి కుదుళ్లు మరికొంత చిక్కిపోతాయి. ఒక్క ఈ విషయంలోనే నాకు కాస్త నవ్వు తగ్గుతుంది.

సందేహం ఉన్నవాళ్లకు పరీక్ష పెట్టుకునే వీలు తిరుమలలో ఉంది. కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాక అందరిదీ ఒకే గీత నుంచి మొదలు. జుట్టు పెరిగేది నెలకు దాదాపు ఒక సెంటీమీటరు. మా పిన్నీ బాబాయీ ఒకేరోజు తలనీలాలు ఇచ్చారు. పిన్ని వారం వారం కలబంద పట్టించింది. బాబాయి కొబ్బరినూనె కూడా ముట్టలేదు. ఆరు నెలల తర్వాత ఇద్దరి జుట్టూ ఒకే పొడవుంది.

"చూశావా పిన్నీ, బాబాయి ఏమీ రాయకుండానే అంతే పెరిగింది," అన్నాను.

పిన్ని ఏమాత్రం తడబడలేదు.

"ఒకే దిండు కదరా, అంటుకునుంటుంది."