పైకప్పు దగ్గర కొలువున్న గ్యాస్ డిటెక్టర్ గారికి మనవి

మహారాజశ్రీ గ్యాస్ డిటెక్టర్ గారి సముఖానికి,

కారం దోసెకు పేరుపడ్డ ఒకానొక కడప హోటలు వంటగదిలో, ఎగ్జాస్ట్ ఫ్యానుకు జానెడు దూరంలో, ఫాల్స్ సీలింగును ఆనుకుని తమరు కొలువుదీరిన నాటి నుంచి తమ పచ్చదీపం ఎరుపెక్కగా ఎవరూ చూడలేదు. ఇంతటి మచ్చలేని సర్వీసుకు కారణమేమిటని విచారించగా, గ్యాస్ దాదాపుగా రాని చోటే తమకు పోస్టింగ్ ఇచ్చారని తేలింది.

ఆ హోటలు వాడేది 19 కిలోల వాణిజ్య సిలిండర్లు. వాటిలో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. గాలికన్నా మొదటిది ఒకటిన్నర రెట్లు, రెండోది రెండు రెట్లు బరువు. అందుచేత రెగ్యులేటరు దగ్గరో, రబ్బరు ట్యూబు పగులులోంచో మెల్లగా కారిన గ్యాస్ తమ దర్శనానికి పైకి రాదు. కడప బండల మీద పాకుతూ, వాలు ఎటుంటే అటు జారి, గ్రైండరు మోటారు కిందా, నీళ్లు పోయే తూము గుంతలోనూ, రెండు మెట్లు దిగితే వచ్చే సరుకుల గదిలోనూ చేరుకుంటుంది. గాలిలో అది 2 శాతం ఉంటే చాలు, స్విచ్చులో పుట్టిన నిప్పురవ్వ మిగతా పని చూసుకుంటుంది. ఆ 2 శాతంలో పదో వంతుకో, ఐదో వంతుకో కేక వేసేలా తమబోటి వారిని తయారుచేస్తారు. తెలివికి లోటు లేదు, వార్త అందే దారే లేదు.

"గ్యాస్ గదా సార్, పైకే పోతాది" అన్నది తమను బిగించిన ఎలక్ట్రీషియన్ సిద్ధాంతం. యజమాని గారిది ఇంకా ఘనమైనది: ప్లగ్గు పాయింటు అక్కడే ఉంది, పైగా తనిఖీకి వచ్చినవారికి తమరు గుమ్మంలోంచే కనపడతారు. అయితే కింద పెడితే బండలు కడిగే నీళ్లు పడతాయనీ, ఎలుకలు వైరు కొరుకుతాయనీ ఆయన చెప్పినది కొట్టిపారేయదగినది కాదు. సిలిండర్ల దగ్గరి గోడకు, నేల నుంచి అడుగెత్తున బిగించి, గాలి ఆడే సందు వదిలి చిన్న రేకు అడ్డం పెట్టి, వైరును గొట్టంలోంచి పంపితే ఆ రెండు బెడదలూ తీరతాయి.

పైన తమకు సుఖమూ లేదు. ఫ్యాను కిటికీలోని మంచి గాలిని తమ ముఖం మీదుగా లాక్కుపోతుంది. పెనం మీద నుంచి లేచే నూనె ఆవిరి తమ జాలీకి జిడ్డు పూస్తుంది. సీలింగు అతుకులకు రాసిన సిలికోన్ ఆవిర్లు తమ లోపల గ్యాసును పసిగట్టే ఉత్ప్రేరక పూసను మొద్దుబార్చగలవు. ఇంత జరిగినా పచ్చదీపం వెలుగుతూనే ఉండవచ్చు. యజమాని గారు అప్పుడప్పుడూ టెస్ట్ బటన్ నొక్కి, తమ గొంతు విని మురిసిపోతారు. ఆ బటన్ సాధారణంగా పరీక్షించేది గొంతునే గానీ ముక్కును కాదు.

తమ జాతి వారిని పైన కూర్చోబెట్టడమే తప్పని నేను అనను. పైపుల్లో వచ్చే సహజవాయువులో ప్రధానమైన మీథేన్ గాలి బరువులో సుమారు సగమే. బ్యాటరీలు చార్జి అయ్యే గదిలో వెలువడే హైడ్రోజన్ మరీ తేలిక. అటువంటి చోట్ల పైకప్పే తమవారికి తగిన స్థానం.

ప్రస్తుతానికి తమ డ్యూటీ చేస్తున్నది నేల మీద పీట వేసుకుని అంట్లు తోమే పెద్దమ్మ. గ్యాసులో కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్ కంపు ముందుగా ఆమె ముక్కుకే తగులుతుంది. ఆమె అరిస్తే వంటమాస్టరు వాల్వు కట్టేస్తాడు. అయితే ఆమె రాత్రి తొమ్మిదికి ఇంటికి వెళ్లిపోతుంది, సిలిండర్లు మాత్రం అక్కడే ఉంటాయి.

కనుక ఈ లేఖతో జతపరచిన బదిలీ దరఖాస్తుపై తమరు సంతకం చేయవలసిందిగా ప్రార్థన. ప్రయాణ భత్యం కింద రెండు స్క్రూలు, ఆరడుగుల వైరు నేనే ఇచ్చుకుంటాను.

ఇట్లు,
వంటగది తలుపు పక్క బల్ల మీద రోజూ టిఫిను చేసే ఒక కస్టమరు