సవరణ: అవకాడోలను నీళ్లలో పెట్టకండి

జులై 4 పార్టీలకని రాసిన గ్వాకమోలే (అవకాడో గుజ్జుతో చేసే పచ్చడి లాంటిది) పోస్టులో, అవకాడోలను నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయని ఉంది. దయచేసి అలా చేయకండి. తొక్క మీద లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటే ఆ నీళ్లలో పెరిగే ప్రమాదం ఉంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే ఈ పద్ధతి వద్దంది. గర్భిణులు, పెద్దవాళ్లు తినే చోట ఇది చిన్న విషయం కాదు.

గ్వాకమోలే నల్లబడకుండా గిన్నెలో అవకాడో గింజ వేయడం కూడా దండగే, దాని కిందున్న కాస్తే పచ్చగా ఉంటుంది. రంగు మారేది గాలి తగిలి. నిమ్మరసం ధారాళంగా పిండి, గుజ్జును గరిటెతో అదిమి చదును చేసి, ప్లాస్టిక్ ర్యాప్‌ను గిన్నె అంచులకు కాకుండా గుజ్జుకే అంటుకునేలా పరవండి. బయట రెండు గంటలకు మించి ఉంచకండి. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండైతే గంటే. కోసే ముందు తొక్కను కుళాయి కింద రుద్ది కడగండి, కత్తి తొక్క మీదుగానే లోపలికి వెళ్తుంది.