ఆరున్నర లక్షల ఎత్తు

పాత పెద్ద బండి కొన్నవాళ్లను ఈ సమాజం చిన్నచూపు చూస్తోంది. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ చూపు మా అద్దాల దాకా రాదనుకోండి. అయినా బాధ్యత గల పౌరుడిగా కొన్ని అపోహలు తొలగించక తప్పదు.

ముందు కొనుగోలు సంగతి. 2022లో ఆరున్నర లక్షలు పట్టుకుని కొత్త చిన్న కారు కొందామని బయల్దేరాను. అదే డబ్బుకు 2012 మోడల్, ఏడు సీట్లు, పెద్ద డీజిల్ ఇంజిన్, దాదాపు రెండు టన్నుల బరువు, మల్లెపూవు లాంటి తెలుపు ఉన్న బండి కనిపించింది. చిన్న కారు ఎనిమిది వందల కిలోలు ఉంటుంది. కిలో లెక్కన చూస్తే పెద్ద బండి సగం ధర కూడా పడలేదు. వంకాయల దగ్గర కిలో ఎంత అని అడిగే మనం కార్ల దగ్గర మాత్రం ఎందుకు అడగం? ఈ ప్రశ్నకు మా ఆవిడ ఇంతవరకు జవాబు చెప్పలేదు. ఒక చిట్టా పుస్తకం మాత్రం కొనుక్కుంది.

బండి ఢిల్లీది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. కాబట్టి ఢిల్లీలో పదేళ్లకే ముసలిదైపోయిన బండి, వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చనే ఎన్‌వోసీ కాగితం చేతబట్టుకుని దక్షిణాదికి వచ్చి మళ్లీ పడుచుదైంది. లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు వేయించాను. మీటరు 78 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పదేళ్లలో 78 వేలేనా, పాత ఓనరు ఎవరో భక్తుడై ఉంటాడు, గుడికి తప్ప బయటికి తీసి ఉండడు అనుకున్నాను. క్లచ్ పెడల్ మీద రబ్బరు అరిగి ఇనుము కనపడుతుంటే, గుళ్లు మరీ ఎక్కువ తిరిగాడేమో అని సరిపెట్టుకున్నాను.

ఇంత బండి ఎందుకని అడిగేవాళ్లకు ఒకటే సమాధానం. తెనాలి దగ్గర మా ఊళ్లోకి తెల్ల పెద్ద బండి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు, లోపల ఎమ్మెల్యే ఉన్నాడేమోనని. దిగింది నేనని తెలిసి మళ్లీ కూర్చోవడానికి మూడు క్షణాలు పడుతుంది. నేను కొన్నది ఆ మూడు క్షణాలను. బండి దానితో పాటు వచ్చింది, అంతే.

మొదటి నెల్లోనే విజిల్ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే కుక్కర్ మీద పప్పు పెట్టినట్టు కూత. పికప్ లేదు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే వర్క్‌షాప్ ఒకదానికి తీసుకెళ్లాను. స్కానింగ్ చేశారు. స్కానింగ్ అన్నాక ఏదో ఒకటి బయటపడకుండా ఉంటుందా? టర్బో పోయింది, 92 వేలు, ట్యాక్స్ వేరే అన్నారు. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ ఊపుతో నిమిషానికి లక్ష చుట్ల పైచిలుకు తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని కుక్కే చక్రం. ఇంట్లో ఎవరూ అంత కష్టపడరు కాబట్టి పోయిందంటే నమ్మాను. అక్కడి నుంచి ఎలాగో విజయవాడ ఆటోనగర్ చేరితే, ఒక మెకానిక్ బానెట్ ఎత్తి రబ్బరు గొట్టం మీద చెయ్యి పెట్టాడు. టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగి గాలి పోతోంది. కొత్తది వేసి, కూలీతో కలిపి 1,400 తీసుకున్నాడు. 90 వేలు మిగిలిన ఆనందంలో ఇంటిల్లిపాదీ బయట భోంచేశాం. దానికి 1,800 అయింది.

ఏడాది తిరిగేసరికి టర్బో నిజంగానే పోయింది. సీలు అరిగి ఆయిల్ కారి, వెనక నీలం పొగ. పెద్ద వర్క్‌షాప్ నోటి మాట ఊరికే పోదు. రిపేరు చేయించిన టర్బో వేయిస్తే 34 వేలతో తేలింది.

ఇంజెక్టర్లది ఉమ్మడి కుటుంబం. నలుగురు అన్నదమ్ములు. వెంట్రుకంత సన్నటి రంధ్రాల్లోంచి, మనం పీల్చే గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు మించిన ఒత్తిడితో డీజిల్ చిమ్మడం వాళ్ల ఉద్యోగం. డీజిల్‌లో కాస్త నీరో నలుసో పడితే ఒకడు మొండికేస్తాడు. పొద్దున బండి స్టార్ట్ కాదు, అయినా వణుకుతుంది. ‘ఒక్కటే మార్చు’ అన్నాను. ‘మారుస్తాను సార్, కానీ కొత్తదాన్ని చూసి మిగతా మూడూ అలుగుతాయి’ అన్నాడు మెకానిక్. అలగకుండా నాలుగూ మార్పించాను. ఒక్కోటి 22 వేలు.

ఇక ఈజీఆర్ వాల్వ్. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ దానికే పీల్పించే ఏర్పాటు ఇది. మంట వేడి తగ్గి, విషవాయువులు తక్కువ పుడతాయి. లోకానికి మంచిదే. కానీ ఆ మసి ఆయిల్ ఆవిరితో కలిసి లోపల నల్లటి ముద్దగా పేరుకుంటుంది. చిన్న చిన్న దూరాలు తిరిగితే మరీ ఎక్కువ. ఘాట్ రోడ్లు ఎక్కడానికి పుట్టిన ఇంజిన్ మా ఇంట్లో రోజూ కరివేపాకు కోసం వెళ్తోంది. సిటీలో లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది, కట్ట కరివేపాకు ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. వాల్వ్ విప్పి కడిగినప్పుడు వచ్చిన కాటుకతో ఊళ్లో పిల్లలందరికీ దిష్టిచుక్క పెట్టొచ్చు. కడిగిన కూలీ 6,500. దిష్టి మాత్రం పోలేదు.

కింద సామాను గురించి ఎక్కువ చెప్పను. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్, దిగితే టకటక. బుష్‌లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్‌లు, షాకబ్జర్లు అన్నీ కలిపి 46 వేలు. టైర్లు నాలుగు, 58 వేలు. క్లచ్, ఫ్లైవీల్ కలిపి 71 వేలు. మీటరులో 78 వేలే చూపించిన ఆ భక్తుడైన పాత ఓనరు ఇక్కడే దొరికిపోయాడు.

ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు, ఉందని సంక్రాంతికి మా బావమరిదికి చెప్పాను. చెప్పకూడదు. ‘ఏదీ బావా, ఒకసారి చేల్లోకి దించు’ అన్నాడు. నెలకోసారైనా వాడితేనే ఆ గేర్లకు ఆయిల్ పడుతుంది, లేకపోతే బిగుసుకుపోతాయట. బురదలోకి దిగాకే ఆ సంగతి తెలిసింది. మీట వేస్తే లైటు మిణుకుమిణుకుమంది, ముందు చక్రాలు మాత్రం నాకు సంబంధం లేదన్నాయి. మా బావమరిది ట్రాక్టరుకు తాడు కట్టి లాగాడు. అరుగు మీద వాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఈసారి మూడు క్షణాలు కాదు, ముప్పావు గంట. బాగు చేయించడానికి 38 వేలు పెట్టాను, ఇంతవరకు మళ్లీ ఆ మీట ముట్టుకోలేదు. వచ్చే సంక్రాంతికి మళ్లీ బిగుసుకుంటుంది.

విడిభాగాల్లోనూ కులాలున్నాయి. కంపెనీ డబ్బాలో వచ్చేది, అదే సరుకు వేరే డబ్బాలో వచ్చేది, లోకల్, ఆఖరున చనిపోయిన బండిలోంచి తీసింది. నాలుగో రకానికే మన్నిక ఎక్కువని ఆటోనగర్ పండితుల అభిప్రాయం, ఎందుకంటే అది ఒకసారి చావు చూసి వచ్చింది. ఫోర్డ్ వాళ్ల పెద్ద బండి ఎండీవర్ ఉన్న మా మిత్రుడైతే సామాను దొరికిన రోజు పండగ చేసుకుంటాడు. 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తామన్న దగ్గర్నుంచీ అతనిది వేరే క్యాలెండరు. అన్నట్టు, 2025 సెప్టెంబరులో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నావన్నీ అంతకుముందే మార్పించేశాను. దేశం కోసం ఆ పది శాతం.

మా ఆవిడ మొన్న చిట్టా ముందు పెట్టింది. 3,42,900. బండి ధరలో సగం దాటింది. ‘ఏమండీ, ఇందులో డీజిల్ లేదు, అది రెండో పుస్తకం’ అంది. 2027లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి, 5,000 ఫీజు కడితే ఇంకో ఐదేళ్లు తిప్పుకోవచ్చని చెప్పాను. ‘ఫిట్‌నెస్ బండికా, మీకా?’ అని లోపలికెళ్లిపోయింది.

ఈలోగా ఆవిడే నంబరిచ్చిందో ఏమో, తుక్కు కొనేవాడొకడు ఫోన్ చేశాడు. కొత్త ఇంజెక్టర్ల మాట అడగలేదు. టర్బో బిల్లు ఉందని చెబితే వినలేదు. మూడు క్షణాల సంగతి అతనికి ఎలాగూ అర్థం కాదు. బరువెంత అన్నాడు, కిలో ఇంత అన్నాడు. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ననే ఏడున్నర లీటర్ల కొత్త ఇంజిన్ ఆయిల్ పోయించాను, అది కూడా కలిపి తూస్తావా అని గట్టిగా అడిగాను.

ఆయిల్ తీసేశాకే తూస్తాం సార్, అన్నాడు.