క్లచ్ బాగోలేదని గేరు రాడ్డు మార్చేవాళ్లతో నా గొడవ

అమెరికాలో మన కుర్రాళ్లు మాన్యువల్ స్పోర్ట్స్ కారు కొన్నాక, చేతిలో నాలుగు డాలర్లు మిగలగానే చేసే పని ఒకటే. షార్ట్ షిఫ్టర్, అంటే నడక తక్కువుండే పొట్టి గేరు రాడ్డు, ఆర్డర్ చేస్తారు. దాని మీదకు బరువైన నాబ్ (పట్టుకునే గుండు) ఒకటి. ధైర్యం ఇంకాస్త ఎక్కువైతే తేలికపాటి ఫ్లైవీలు (ఇంజను చివర తిరిగే బరువైన చక్రం), రేసు క్లచ్. అన్నీ బిగించాక ఫోన్ చేస్తారు: "అన్నా, ఒకటి నుంచి రెండుకు మారుస్తుంటే కారు ఇంకా కుదుపుతూనే ఉంది, ఏం చేయమంటావు?" కుదుపు కాలి దగ్గర పుడుతోంది తమ్ముడూ, మందు చేతికి రాస్తున్నావు.

టయోటా జీఆర్ 86 సంగతే చూద్దాం. ఈ మధ్య మనవాళ్లు ఎక్కువగా అడిగేది దాని గురించే. 2.4 లీటర్ల బాక్సర్ (పిస్టన్లు అడ్డంగా ఎదురెదురుగా ఉండే) ఇంజను, ఆరు గేర్లు, శక్తి మొత్తం వెనక చక్రాలకు. మీరు పెడల్ తొక్కితే దాని వెనకున్న కడ్డీ మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. ద్రవం గొట్టంలో పోయి గేరుబాక్సు దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ను కదిలిస్తుంది. అది ఫోర్కును, ఫోర్కు బేరింగును, బేరింగు ప్రెషర్ ప్లేటు మీది స్ప్రింగు రేకులను నెడతాయి. క్లచ్ ప్లేటు ఎక్కడ పట్టుకుంటోందన్న కబురు ఇదే దారిలో వెనక్కి నడిచి మీ పాదానికి చేరాలి.

ఆ దారిలో కార్ల కంపెనీలు కావాలనే అడ్డాలు పెడతాయి. 86 పెడల్ దగ్గర ఒక సహాయక స్ప్రింగు ఉంటుంది. పెడల్ పై భాగంలో ఉన్నంతసేపు అది పెడల్‌ను పైకి నెడుతుంది. మధ్య బిందువు దాటగానే పక్షం మార్చి మీ కాలితో కలిసి కిందకు నొక్కుతుంది. ట్రాఫిక్‌లో మోకాలు నొప్పి పుట్టకూడదన్నది ఉద్దేశం. కొనేముందు పది నిమిషాలు నడిపి చూసేవాడికి పెడల్ మెత్తగా, హాయిగా అనిపిస్తుంది కూడా. కానీ క్లచ్ వదిలేటప్పుడు ప్లేటు బలం, స్ప్రింగు బలం కలగాపులగమై, తనను నెడుతున్నది ఏదో కాలికి తెలియకుండా పోతుంది. బీఎమ్‌డబ్ల్యూ వాళ్లది మరో పద్ధతి. ఈ46 తరం 3 సిరీస్ మాన్యువల్ కార్లలో గొట్టం మధ్యలోనే సన్నటి రంధ్రమున్న డిలే వాల్వ్ పెట్టారు. మొరటు మనిషి కాలు ఒక్కసారిగా లాగేసినా ద్రవం నెమ్మదిగానే వెనక్కి వస్తుంది, చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌కు దెబ్బ తగలదు. సరిగా నడిపేవాడికి మాత్రం అది శిక్ష. కాలు పైకి వచ్చేసింది, క్లచ్ ఇంకా దారిలోనే ఉంది!

వీటికి తోడు ఇంజను కంప్యూటర్ ఒకటి. యాక్సిలరేటర్ వదిలినా పొగ నిబంధనల కోసం థ్రాటిల్‌ను (ఇంజనులోకి గాలి వదిలే తలుపును) కాసేపు కొద్దిగా తెరిచే ఉంచుతుంది. ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, వెంటనే పడదు. మీరేమో అది పడిపోయిందనుకుని క్లచ్ వదులుతారు. ఆ కుదుపు అక్కడిది.

ఇందులో గేరు రాడ్డు తప్పు ఎక్కడుంది?

ముందు చేయాల్సినవి చవకైన పనులు. మొదటిది ద్రవం. క్లచ్‌లో ఉండేది బ్రేకు ద్రవమే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు గట్టిగా తిప్పేసరికి లోపల బుడగలు పుట్టి పెడల్ నేలకు అంటుకుపోయేది ఇందుకే. బ్రేకులకు కొత్త ద్రవం పోయించి క్లచ్ గొట్టాన్ని మరిచిపోయే షాపులు కోకొల్లలు. అడిగి చేయించండి.

రెండోది కడ్డీ సర్దుబాటు. క్లచ్ మరీ పైన పట్టుకుంటోందని అనిపిస్తే, పెడల్ వెనకున్న లాక్ నట్టు వదులు చేసి కడ్డీని కొద్దిగా తిప్పితే ఆ చోటు కిందకు దిగుతుంది. ఇక్కడ ఒక ప్రమాదముంది. కడ్డీని పొడవు చేస్తూ పోయి పెడల్‌కు ఉండాల్సిన ఆ కాస్త వదులును మింగేశారో, మాస్టర్ సిలిండర్‌లో ద్రవం వెనక్కి పోయే రంధ్రం మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ద్రవానికి దారి ఉండదు, అది క్లచ్‌నే నొక్కుతుంది, ప్లేటు జారడం మొదలవుతుంది. కడ్డీని మరీ పొట్టి చేస్తే క్లచ్ పూర్తిగా విడవదు, అది ఇంకో బాధ. ఇంజను ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ వెన్నలా పడి, స్టార్ట్ చేయగానే ఒకటో గేరు, రివర్సు మొరాయిస్తుంటే అనుమానం దాని మీదకే పోవాలి. లేదంటే గొట్టంలో గాలి ఉందేమో చూడాలి.

మూడోది పెడల్ దగ్గరున్న ఆ సహాయక స్ప్రింగు. దాన్ని తీసేసేవాళ్లున్నారు, మెత్తటి స్ప్రింగు వేసుకునేవాళ్లున్నారు. నా ఓటు మెత్తటి దానికే. ఏది చేసినా పెడల్ పూర్తిగా పైకి వస్తోందా, పెడల్ పైకి వచ్చిందని కారుకు తెలిపే పైనున్న స్విచ్‌ను తాకుతోందా అన్నది చూసుకోవాలి. మొత్తం ఖర్చు షార్ట్ షిఫ్టర్ ధరలో చిన్న వంతు. అందుకేనేమో ఎవరికీ ఆనదు.

షార్ట్ షిఫ్టర్ వేస్తే గేరు వేగంగా పడుతుందన్నది సగం భ్రమ. లోపల సింక్రో రింగు ఒకటుంది, 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన ఏర్పాటు. ఆ రింగు గేరును రాసుకుని రెండింటి వేగం సమం చేసేదాకా పళ్లు కలవనివ్వదు. ఆ సమయాన్ని రాడ్డు పొడవు తగ్గించదు. రాడ్డు నడక తగ్గిన కొద్దీ చేతికి బరువు పెరుగుతుంది. అప్పుడు బలం చూపిస్తారు, రింగు అరుగుతుంది. చలికాలం ఉదయం రెండో గేరు బిగుసుకుంటే అది చిక్కటి ఆయిల్ పని. కాసేపు ఓపిక పట్టండి. గేరు ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీది జీఎల్-5 అన్న గ్రేడు అంకె జీఎల్-4 కన్నా పెద్దది కాబట్టి మంచిదనుకోకండి. కొన్నింటిలోని గంధకపు రసాయనాలు ఇత్తడి రింగులను తినేస్తాయి. కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి.

ఇక నడిపే తీరు. సీటు ముందుకు జరపండి. క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వెనక్కి పడుకుని, కాలు చాచి, వేళ్ల కొసలతో తొక్కేవాడికి ఏ స్ప్రింగు మార్చినా ఒరిగేదేమీ లేదు. వదిలేటప్పుడు పట్టుకునే చోటు దాకా చకచకా రండి, అక్కడ క్షణం నిలవండి, మిగతాది వదిలేయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే నెమ్మదితో వదలడం మన డ్రైవింగ్ స్కూళ్లు నేర్పిన అలవాటు. అది క్లచ్‌ను కాల్చడమే.

ఇండియాలో నేర్చుకుని వచ్చినవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. అక్కడ రాడ్డు ఎడమ చేతిలో ఉంటుంది, ఒకటి రెండు గేర్లు మనకు దూరంగా ఉంటాయి. ఇక్కడ రాడ్డు కుడి చేతికి వచ్చింది, గేర్ల వరస మారలేదు. కాబట్టి ఒకటి రెండు మన తొడ పక్కకు వచ్చాయి. మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు చేయి తెలియకుండా ఒంటివైపు వంగితే, అక్కడ ఆరు గేర్ల కారైతే ఆరో గేరు పడుతుంది, ఇంజను మూలుగుతుంది, అంతే. ఇక్కడ పడేది రెండోది. 86లో మూడో గేరు నిష్పత్తి 1.541, రెండోది 2.188. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఈ పొరపాటు జరిగితే ఇంజను దాదాపు 9,900కు లాగబడుతుంది. దాని ఎర్రగీత, అంటే దాటకూడని హద్దు, 7,500. అంత వేగంలో తిప్పుతున్నది చక్రాలు కాబట్టి ఇంజను వేగానికి కళ్లెం వేసే ఏ రెవ్ లిమిటర్ కూడా కాపాడదు. అందుకే రాడ్డును పిడికిట్లో బిగించకండి. న్యూట్రల్‌లో వదిలేస్తే రాడ్డు తనంతట తానే మూడు-నాలుగు వరుసలోకి వచ్చి నిలుస్తుంది. అరచేయి తెరిచి, వేళ్లతో నేరుగా వెనక్కి లాగితే చాలు.

గేరు తగ్గించేటప్పుడు కూడా అవే నిష్పత్తులు. నాలుగోది 1.213. నాలుగులో 3,000 దగ్గరుంటే మూడులోకి దిగేసరికి ఇంజను 3,800 దగ్గర ఉండాలి. ఆ తేడాను యాక్సిలరేటర్ మీద చిన్న తాటింపుతో మీరే ఇవ్వాలి. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్ నుంచి ఈ పని కారే చేసిపెట్టడం మొదలైంది. మీ కారులో ఆ సదుపాయం ఉంటే నేర్చుకునేంతకాలం ఆపేసి ఉంచండి. హీల్ అండ్ టో (ఒకే పాదంతో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ తొక్కే పద్ధతి) వీడియోలు చూసి మొదటి రోజే బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కే ప్రయత్నం చేయకండి. బ్రేకుతో పని లేకుండా, ఖాళీ రోడ్డు మీద, నాలుగు నుంచి మూడుకు మాత్రమే. డయల్ చూడొద్దు, చెవితో వినండి. అది కుదిరాకే బ్రేకు జోలికి వెళ్లండి. అదీ బ్రేకు మీద బలం ఒక్క పిసరు కూడా మారకుండా తొక్కగలిగితేనే.